అక్క ముట్టుకోని ప్లేయరు

మా బావ పోయాడని చెప్పడానికి ఫోన్లు చేసినప్పుడు, అయ్యో అన్నాక, ఎప్పుడు, ఎలా అని అడిగాక, చాలామంది కాస్త ఆగి ఇంకో మాట కూడా అడిగారు. "మరి ఆ ప్లేయరు కుదిరిందా చివరికి?" వాళ్లని తప్పు పట్టలేను. ఈ రెండేళ్లుగా బావ కనిపించిన ప్రతివాడితోనూ ఆ ప్లేయరు గురించే మాట్లాడాడు. పొద్దున్న నడకలో కలిసినవాళ్లు, ఆసుపత్రి వరండాలో పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లు, గ్యాస్ బండ తెచ్చినవాడు, ఎవరినీ వదల్లేదు. పోయిన నెల ఒక పొద్దుటిపూట మధురవాడలో తన ఇంట్లో, తన మంచం మీద పోయాడు. కుదిరిందనే అందరికీ చెప్పాను. ఎలా కుదిరిందో మాత్రం ఫోన్లో చెప్పలేకపోయాను. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

ముందు ఈ బావ ఎవరో చెప్పాలి. మా మేనత్త కొడుకు. మా అక్కని చేసుకున్నాడు. కాబట్టి నాకూ బావే, అక్కకీ బావే. మా వైపు మగాళ్లు ఒకరినొకరు బావా అనుకోవడం మామూలు కాబట్టి ఆయన నన్నూ బావా అనే పిలిచేవాడు. మా ముగ్గురి మాటలు వింటే కొత్తవాళ్లకి పిచ్చెక్కేది. మాది పద్మనాభం దగ్గర పల్లె, వరి పొలాలు. ఆయనకి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చింది, నాకు పోర్టులో. ఆయన ఉద్యోగమంతా రోలింగ్ మిల్లులో, ఎర్రగా కాలిన ఇనప కడ్డీలు పరుగెత్తే చోట, కంట్రోల్ బల్ల ముందు గడిచిపోయింది. వాళ్లకి పిల్లల్లేరు. ఎవరైనా ఆ మాట ఎత్తితే బావ, "ఉన్నారు గదండి ఇద్దరు, అలగ మూల నిలబడుంటారు" అని స్పీకర్ల వైపు చూపించేవాడు.

ఆ స్పీకర్లు క్వార్టర్స్‌కి మంచం కంటే ముందు వచ్చాయి. ఓడల మీద పనిచేసి వచ్చిన ఒకాయన తన స్టీరియో అమ్మేస్తున్నాడని పోర్టులో నాకు తెలిసి, నేనే బేరం కుదిర్చాను. ఎత్తలేనంత బరువున్న యాంప్లిఫైయరు, ఒక క్యాసెట్ ప్లేయరు, నడుం ఎత్తు ఉండే రెండు చెక్క స్పీకర్లు. అక్క వాటిని చూసి, "ఇవేటి బావా, బీరువాలా" అంది. బావ ఆదివారం ఆదివారం పాత లుంగీ గుడ్డతో వాటిని తుడిచేవాడు. అక్క ఆయన చేత ఇంకే వస్తువూ తుడిపించలేకపోయింది.

మిల్లులో ఎనిమిది గంటలు ఇనుము అరుపులు విని వచ్చేవాడు. రాగానే స్నానం చేసి, స్పీకర్ల ఎదురుగా పీట వేసుకుని కూర్చునేవాడు. "ఏటి సేత్తన్నావు బావా" అని అడిగితే "సెవులు కడుక్కుంటన్నాను" అనేవాడు. ఆ కాసేపు ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. అన్నం అడగడు, మంచినీళ్లు అడగడు. నాకు ఒళ్లు మండేది. అంత దూరం నుంచి వచ్చిన నన్ను పలకరించకుండా అలా కళ్లు మూసుకుని కూర్చుంటే ఎలా ఉంటుంది? ఒకరోజు అడిగేశాను. నవ్వి, పీట జరిపి, "నువ్వూ కూకో. పాటలో మాటలు ఒగ్గీ. ఎనకాల ఒకడు తబలా వాయిస్తన్నాడు సూడు, ఆడి సెయ్యి విను" అన్నాడు. విన్నాను. నిజంగానే ఒక మనిషి చెయ్యి వినిపించింది. అప్పటిదాకా పాటంటే నాకు బస్టాండులో మోగేది మాత్రమే. వినడమనేది ఒకటుందని నాకు తెలిసింది ఆ పీట మీదే. ఆయన నాకిచ్చిన ఆస్తి అది.

అక్కకీ పాటలంటే ప్రాణమే. కానీ ఆ యంత్రాన్ని ముట్టుకునేది కాదు, ఆ అవసరమూ రాలేదు. వెళ్లొస్తానని చెప్పే అలవాటు వాళ్లింట్లో లేదు. బావ డ్యూటీకి బయల్దేరేముందు ఆవిడకి నచ్చిన క్యాసెట్ ఒకటి పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయేవాడు. పాట మొదలైందంటే ఆయన బయల్దేరినట్టే. ఒక పక్క అయిపోయాక క్యాసెట్ టక్కుమని ఆగేది. రెండో పక్కకి తిప్పుకోవచ్చు కదా అంటే, "ఆయనొచ్చి తిప్పుతాడులే" అనేది అక్క.

విశాఖపట్నం ఉప్పుగాలికి ఇనుమే ఆగదు, క్యాసెట్లేం ఆగుతాయి. టేపులకి తెల్లగా బూజు పట్టింది. తర్వాత కొన్న సీడీ ప్లేయరు కూడా పాడైతే, దాని లోపలి భాగం ఇప్పుడు ఎక్కడా దొరకదన్నారు. రిటైరై మధురవాడలో ఫ్లాట్ కొనుక్కున్నాక బావ మొదట చేసిన పని, ఆ పాటలన్నీ ఒక్కొక్కటే కంప్యూటర్లోకి ఎక్కించి ఒక హార్డ్ డిస్కులో పెట్టుకోవడం. ఇక వాటిని అక్కణ్నుంచి తీసి ఆ పాత యాంప్లిఫైయరుకి అందించే పెట్టె ఒకటి కావాలి. ఇంట్లో ఇంటర్నెట్‌కి తగిలిస్తే హార్డ్ డిస్కులో ఉన్నవీ వాయిస్తుంది, బయట నెట్‌లో ఉన్నవీ వాయిస్తుంది. నెట్‌వర్క్ ప్లేయరు అంటారట. "ఫోన్లో పాట పెట్టుకుని బ్లూటూత్ కలుపుకోక ఎందుకీ గోల" అన్నాను నేను. యారాడలో సముద్రపు ఒడ్డున కూర్చుని డబ్బా చేపలు అడిగినవాణ్ని చూసినట్టు చూశాడు నన్ను.

మొదట్లో ఆ వెతుకులాట సరదాగానే ఉండేది. డాబాగార్డెన్స్ వైపు ఒక షాపుకి వెళ్లేవాళ్లం. దాని యజమానిది గోదావరి జిల్లా, వాళ్ల నాన్న ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఓపికస్తుడు. ఆ ఓపికని బావ పూర్తిగా వాడుకున్నాడు. పెన్ డ్రైవులో ఒక నాటకం పద్యం పట్టుకెళ్లి ప్రతి పెట్టెలోనూ అదే పెట్టించేవాడు. ఎప్పుడో మా ఊరి తీర్థంలో, జాతర నాటకానికి వెళ్లి, తనే రికార్డు చేసుకున్న పద్యం. చివర రాగం అందుకునే ముందు ఆ నటుడు ఊపిరి పీల్చుకున్న చప్పుడు ఒకటి ఉంటుంది. అది వినిపించాలి. వినిపించకపోతే, "ఇందులో ఊపిరి నేదండి" అని లేచిపోయేవాడు.

"పద్యం ఇనపడతంది కదండీ, ఊపిరి ఇనపడకపోతే ఏవైద్దండి" అనేవాడు షాపాయన.

"ఊపిరి నేకుండా పద్యం ఏటండి" అనేవాడు బావ.

ఆ తర్వాత ఆయనకే ఊపిరి కష్టమైంది. మెట్లెక్కితే ఆయాసం, ఎంతకీ తగ్గని పొడిదగ్గు. డాక్టరు స్కాన్ చూసి, ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని, మందులతో నెమ్మదించడమే తప్ప బాగవడం ఉండదని చెప్పారు. గదిలో బావ, నేను మాత్రమే ఉన్నాం. అక్క బయట మందుల కోసం నిలబడింది. బావ డాక్టరుని ఒక్కటే అడిగాడు. "ఒక పనుందండి. టైముంటాదేటి?" ఏ పని అని డాక్టరు అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ వారంలోనే నన్ను బండి తియ్యమన్నాడు. మళ్లీ అదే షాపు. కానీ ఈసారి జేబులో పెన్ డ్రైవు లేదు. సౌండు గురించి ఒక్క మాట అడగలేదు. ప్రతి పెట్టెనీ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మా ఇంటిదానికి వస్తాదేటండి?" అని అడిగాడు. ఒక పెట్టెలో పాట మోగుతుండగా గోడ దగ్గరికి వెళ్లి ప్లగ్గు పీకేశాడు. షాపాయన గుండె పట్టుకున్నాడు. "అలా పీకేత్తే బోర్డు పోద్దండి బాబూ" అన్నాడు. "కరెంటు మాకు సెప్పి పోదండి" అన్నాడు బావ. ప్లగ్గు మళ్లీ పెట్టి, చేతులు కట్టుకుని, పెట్టె తనంతట తాను పాట ఎత్తుకుంటుందా అని చూస్తూ నిలబడ్డాడు. ఎత్తుకోలేదు. ఫోన్లోంచి మళ్లీ కనెక్ట్ చేసుకోవాలన్నాడు షాపాయన.

"ఆవిడ ఒక్కర్తే ఉంటాదండి" అన్నాడు బావ.

షాపాయన నా వైపు చూశాడు. నేను రోడ్డు వైపు చూశాను. ఆయన తన చెవుల కోసం కొనడం మానేశాడని నాకు అప్పుడు అర్థమైంది. తను లేని ఇంట్లో అక్క ఒక్కతే కూర్చుని పాట పెట్టుకోగలగాలి. తను పోయేలోగా ఒక్కసారైనా ఆవిడ పెట్టుకోవడం కళ్లారా చూడాలి. డాక్టరుకి చెప్పిన పని అదే.

మొదట ఇంటికి తెచ్చింది అరచేతిలో పట్టే నల్ల డబ్బా. మీట లేదు, తెర లేదు, అంతా ఫోన్లోంచే. బావ అక్కని కూర్చోబెట్టి, "ఇదిగో, ఇక్కడ నొక్కు. నీ పాటలన్నీ వచ్చేత్తాయి" అని చూపించాడు. అక్క ఫోను అందుకోలేదు. "నాకు రాదు బావా. నువ్వెయ్యి" అని లేచి వెళ్లిపోయింది. కొన్నాళ్లకి ఆ యాప్ కొత్తది వచ్చిందట, పాస్‌వర్డ్ కొడితే తప్ప తెరుచుకోనని మొండికేసింది. బావకి కోపం వచ్చింది. "నా పాట నాను ఏసుకోడానికి ఆడెవడో పర్మిషనియ్యాలేటి? మనిషి మిషన్నడగాల గాని మిషను మనిషిని అడగడమేటి బావా" అని ఆ డబ్బా తిరిగి ఇచ్చేశాడు.

అప్పుడే ఒకసారి యారాడ తీసుకెళ్లమంటే కారు మాట్లాడి ముగ్గురం వెళ్లాం. బావ ఇసకలో నడవలేకపోయాడు. చెప్పులు విప్పి ఒక పడవ నీడలో కూర్చున్నాడు. "అల వచ్చినప్పుడు అందరూ వింటారు. ఎనక్కెల్లినప్పుడు ఇసకలో సర్రుమంటాది సూడు, అదీ వినాల" అన్నాడు. కాసేపు విన్నాం. ఉన్నట్టుండి అక్కని అడిగాడు. "నాను నేకపోతే పాటలెలగ వింటావే?"

"నువ్వున్నావు గదా" అంది అక్క, ఒడిలో ఇసక దులుపుకుంటూ.

"ఉన్నాననుకో. నేకపోతేనో అంటన్నాను."

"ఉన్నావు గదా అంటన్నాను" అని, లేచి కారు వైపు నడిచింది.

రెండోసారి వచ్చిన పెట్టెకి పెద్ద తెర ఉంది. తీరా తగిలిస్తే, తెలుగులో ఉన్న పాటల పేర్లన్నీ తెర మీద ఖాళీ గళ్లుగా కనిపించాయి. ఒక్క అక్షరం లేదు. నాలుగడుగులు వేస్తే కూర్చోవలసిన మనిషి, కంప్యూటరు ముందు దిండు ఆనించుకుని, ఆ పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో మళ్లీ కొట్టడం మొదలుపెట్టాడు. వారాల తరబడి అదే పని. నేను వదిలెయ్యమంటే, "ఇదయిపోతే మీ అక్కకి ఇంక తిరుగునేదు" అనేవాడు. అంతా అయ్యాక పిలిచి చూపించాడు. అక్క తెర వైపు చూసి, "ఇంగ్లీషులో ఉన్నాది గదా. నాకు సదవడం రాదు గదా" అంది. బావ మౌసు పక్కన పెట్టి, అరచేత్తో మొహం తుడుచుకున్నాడు.

నాకు మండిపోయింది. అక్కకి ఇంగ్లీషు రాకపోవడమేమిటి? బస్సు బోర్డులు చదువుతుంది. బావ మందుల పేర్లు చదువుతుంది. కూరలబండి దగ్గర ఫోనుతో స్కాన్ చేసి డబ్బులు కడుతుంది. వంటింట్లోకి వెళ్లి నిలదీశాను.

"ఏటక్కా ఇది? ఆ మనిషి కూకోలేక కూకోలేక కొట్టాడు పేర్లన్నీ. రెండు మీటలు నొక్కడానికి నీకేటి రోగం?"

అక్క చింతపండు పిసుకుతోంది. "మెల్లగా మాటాడు. ఆయనికి వినిపిత్తాది."

"వినిపించనీ."

అక్క నా వైపు తిరగలేదు. "నాకొచ్చురా తమ్ముడూ. ఆ నల్ల డబ్బా వచ్చిన్రోజే వచ్చీసింది. ఆయన తానానికెల్తే ఏసుకుని సూసినాను కూడా."

"మరి రాదంటావేటి?"

"రిలీవరు వస్తేనే గదురా ఆయన డూటీ దిగేది."

ప్లాంటు సంగతి తెలియనివాళ్లకి ఈ మాట విప్పి చెప్పాలి. షిఫ్టు టైము అయిపోగానే లేచి వచ్చేసే ఉద్యోగం కాదది. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి, పక్కన నిలబడి, మిల్లు ఎలా నడుస్తోందో అంతా విని, తీసుకున్నానని చెప్పి కుర్చీలో కూర్చోవాలి. అప్పుడే ముందున్నవాడు కదలాలి. అలా వచ్చేవాణ్ని రిలీవరంటారు. అతను రాకపోతే ఆ షిఫ్టు కూడా నీదే. బావకి అది దేవుడి మాట. ఒకసారి పెద్ద తుఫాను వచ్చి టౌన్‌షిప్ రోడ్ల నిండా చెట్లు పడిపోయాయి. క్వార్టర్లో అక్కా నేనూ తలుపుకి బల్ల అడ్డం పెట్టుకుని కూర్చున్నాం. కిటికీ అద్దాలు పోయాయి, వంటింట్లోకి నీళ్లొచ్చాయి, బావ రాలేదు. అక్క పెదాలు కదుపుతూ కూర్చుంటే ఏ దేవుడికి మొక్కుతోందో అనుకున్నాను. ముక్కూ మొహం తెలియని ఆ రిలీవరుని తిట్టుకుంటోందట. మర్నాడు గాలి తగ్గాక బావ పడిన చెట్లు దాటుకుంటూ నడిచొచ్చాడు. మిల్లు ఆగిపోయినా కుర్చీ వదల్లేదట. గుమ్మంలో నిలబడి "రిలీవరు రానేదు" అన్నాడు. అక్క అన్నం పెట్టింది.

అలా బావ ఉద్యోగమున్నన్నాళ్లూ రిలీవరు కోసం కళ్లు కాయలు కాసేలా చూసిన అక్క, ఇప్పుడు తనే రిలీవరుగా వెళ్లనని కూర్చుంది.

"నాను నేర్సుకున్నానని తెలిస్తే ఆయనికింక ఇక్కడ పనేటున్నాది? ఎల్పోతాడు" అంది అక్క. "అంచేత నాకు రాదు. ఆయనికి సెప్పావంటే నీకూ నాకూ మాటల్నేవు."

ఊపిరితిత్తులకీ ఈ లెక్కకీ సంబంధం లేదని నాకు తెలుసు. అక్కకీ తెలుసు. అయినా నేను బావకి చెప్పలేదు. ఆయన కుర్చీ దిగడం నాకు మాత్రం ఇష్టమా?

ఆ రోజు నుంచి ఆ ఇంటికి వెళ్లడమంటే నాకు భయం పట్టుకుంది. హాల్లో ఒకాయన, ఆవిడకి నేర్పించి చూశాకే పోవాలని పట్టుదలగా ఉన్నాడు. వంటింట్లో ఒకావిడ, నేర్చుకోకపోతే ఆయన పోడని పట్టుదలగా ఉంది. ఇద్దరిదీ ప్రేమే. నేను మధ్యలో టీ గ్లాసు పట్టుకుని కూర్చునేవాణ్ని. కొన్నాళ్లు ఈ గొడవ ఆపమని బావకి చెప్పి చూశాను. "అప్పసెప్పకుండా ఎలగ లెగుస్తాను బావా" అన్నాడు. ఆయన కూడా అదే భాషలో ఉన్నాడని తెలిసి ఇంక ఆపమనడం మానేశాను.

మూడోది కొనేనాటికి బావ ఇల్లు కదల్లేని స్థితి. షాపాయన పెట్టెలు కారులో వేసుకుని తనే ఇంటికి వచ్చాడు. అప్పటికే ఆక్సిజన్ మిషను వచ్చింది, రోజంతా దాని మోత. బావ దాన్ని పడగ్గదిలో పెట్టించి, పొడుగు గొట్టం హాల్లోకి లాక్కుని, మధ్య తలుపు దగ్గరగా వేయించాడు. "మిల్లు మళ్లీ ఇంటికొచ్చీసింది బావా" అని నవ్వాడు.

షాపాయన రెండు పెట్టెలు తగిలించాడు. మొదటిదాంట్లో పాట మొదలవగానే నాకే ఒళ్లు జలదరించింది. గదిలో మనుషులు వచ్చి నిలబడ్డట్టు ఉంది. రెండోది మామూలుది. కానీ దానికి ముందువైపు పెద్ద గుండ్రటి మీట, కింద బటన్లు ఉన్నాయి. ఏ బటన్‌కి ఏ పాటలో ముందే పెట్టి ఉంచుకోవచ్చు. బావ ముందే తీసి ఉంచుకున్న తెలుగు పేర్ల కాపీ పెడితే, తెర మీద తెలుగు అక్షరాలు అక్షరాల్లాగే వచ్చాయి. ఫోను అక్కర్లేదు. నెట్ పోయినా హార్డ్ డిస్కు నుంచి పాడుతుంది, కరెంటు పోయి వస్తే తనే లేచి పాట ఎత్తుకుంటుంది. మొదటిది వింటున్నంతసేపూ బావ కళ్లు మూసుకున్నాడు. రెండోది మోగుతున్నప్పుడు కళ్లు తెరిచి అక్క వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఇది ఉంచీండి" అన్నాడు రెండోదాన్ని చూపించి.

"బావా, సౌండూ..." అన్నాను నేను.

"కాస్త పల్సగున్నాది. పర్నేదు. మీ అక్కకి సరిపోతాది."

నాకు ఏడుపొచ్చి బాల్కనీలోకి వెళ్లిపోయాను. కాసేపటికి షాపాయన కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు. "నేనూ చాలా అమ్మానండి. ఇలాంటి బేరం ఎప్పుడూ చెయ్యలేదండి" అన్నాడు. ఇద్దరం కింద రోడ్డు మీద వెళ్లే ఆఫీసు క్యాబులు చూస్తూ నిలబడ్డాం.

మిల్లులో కంట్రోల్ బల్ల మీద అంటించినట్టు, బావ ఆ బటన్ల కింద రంగు కాగితాలు అంటించాడు. పచ్చది పొద్దుటి పాటలు, పసుపుది వంట చేసుకునేటప్పుడు, నీలంది పడుకునే ముందు. ఇక రోజూ సాయంత్రం అదే తంతు. "ఏటే, పచ్చది నొక్కి సూడు." "నాకు బయ్యం బావా, పాడైపోతాది." "పాడవదే, నొక్కు." "నీ సెయ్యి మంచిది. నువ్వే నొక్కు." బావ నిట్టూర్చి, ముక్కుకున్న గొట్టం సర్దుకుని, గోడ పట్టుకుని లేచి, నాలుగడుగులు వేసి తనే నొక్కి వచ్చేవాడు. తిరిగొచ్చి కూర్చునేసరికి పెదాలు నీలంగా అయ్యేవి. అక్క చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడేది. పాట మొదలయ్యాక ఆయన ఆయాసం తగ్గేదాకా ఆవిడ ఊపిరి తీసుకునేది కాదు.

పోయిన నెల ఒక రోజు మధ్యాహ్నం నేను పోర్టు నుంచి తిన్నగా అక్కడికే వెళ్లాను. మంచం హాల్లోకి మార్చారు. రెండు రోజులుగా బావ సరిగా తినలేదు. నన్ను చూసి చెయ్యెత్తాడు. కాసేపటికి అక్కని పిలిచి, "పాట" అన్నాడు.

"నువ్వే నొక్కు బావా" అంది అక్క, అలవాటుగా.

బావ లేవబోయాడు. మంచం పట్టె మీద చెయ్యి ఆనించాడు, అది జారిపోయింది. రెండోసారి ఆనించాడు. మోచెయ్యి వణికి మళ్లీ దిండు మీదికి వాలిపోయాడు. నేను పట్టుకోబోతే వద్దని తల ఊపాడు. అక్క వైపు చూసి, "ఒక్క నిమిషం ఆగే, వస్తన్నాను" అన్నాడు. ఆలస్యమైనందుకు తప్పయిపోయిందన్నట్టు అన్నాడు.

అక్క మొహం ఎలా అయిపోయిందో నేను రాయలేను. చేతిలో ఉన్న గ్లాసు కింద పెట్టింది. తిన్నగా ఆ పెట్టె దగ్గరికి నడిచింది. రంగు కాగితాల జోలికి పోలేదు. గుండ్రటి మీట తిప్పి, నొక్కి, మళ్లీ తిప్పి, పేర్ల మధ్య గబగబా దిగుతూ వెళ్లి, తనకి ఇష్టమైన పాత పాట ఒకటి పట్టుకుని నొక్కింది. సౌండు ఎక్కువనిపించి కాస్త తగ్గించింది. మీట మీద ఆ వేళ్లు చూస్తే, రోజూ చేసే పనేనని ఎవరికైనా తెలిసిపోతుంది.

పాట మొదలైంది. బావ నోరు తెరుచుకుని ఆవిడ వీపు వైపు చూస్తున్నాడు.

"ఎన్నాళ్లబట్టి వచ్చునే నీకు?"

"మొదటి డబ్బా కాణ్ణుంచీ."

బావకి నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది, దగ్గుతూనే నవ్వాడు. నేను గొట్టం సర్దాను. ఊపిరి అందాక, "మరి ఆ పేర్లన్నీ నాసేత కొట్టించినావు గదే" అన్నాడు.

"కొట్టినావు గదా" అంది అక్క, అటు తిరిగే. "అన్నాళ్లూ ఉన్నావు గదా."

బావ నవ్వడం ఆపేశాడు. ఆవిణ్నే చూస్తూ ఉండిపోయాడు. ఎన్నో ఏళ్లుగా ఆ ఇంట్లో పాట మోగుతుంటే తగ్గించమనో పెంచమనో, కిటికీ వెయ్యమనో ఏదో ఒకటి చెప్పని రోజు లేదు. ఆ రోజు ఏమీ చెప్పలేదు.

"ఇంక పడుకో బావా" అంది అక్క. "నాను సూసుకుంటాను."

ఆయన బుద్ధిగా దిండు మీద తల వాల్చి కళ్లు మూసుకున్నాడు. మర్నాడు పొద్దున్నకి లేడు. ఆ మధ్యాహ్నం మాత్రం పాట అయిపోగానే అక్క ఇంకొకటి పెట్టింది. అదీ అయిపోయింది, ఇంకొకటి పెట్టింది. కుర్చీ లాగి పక్కన వేశాను, కూర్చోలేదు. మా వైపు తిరగకుండా, మీట మీద చెయ్యి తియ్యకుండా, చీకటి పడేదాకా అలాగే నిలబడి ఒకదాని తర్వాత ఒకటి పాటలు పెడుతూనే ఉంది.